రెండో గాడి

ఆర్మిహో కౌంటీ షరీఫ్ కార్యాలయం, హార్లన్ వెల్స్, న్యూ మెక్సికో. 2011 మార్చి 24, గురువారం ఉదయం. డెప్యూటీ గిల్బర్ట్ ఒర్నెలస్ ఎదుట ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు వెర్నన్ ప్రూయిట్. వయసు అరవై మూడు. గాలిమరలు, బావి పంపులు బాగుచేస్తాను. పత్తి మిల్లు వెనక రోడ్డులో ఒంటరిగా ఉంటాను. నా భార్య చనిపోయింది. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆపేశాను. మిగతాది సొంతంగా నేర్చుకున్నదే. మా ఊరి మ్యూజియానికి జీతం లేకుండా జమాఖర్చులు రాసిపెడతాను.

మా చెల్లెలు నడీన్ మాబ్రీ నామీద ఫిర్యాదు ఇచ్చింది. పోయిన శుక్రవారం తన భర్త రాయ్స్ మాబ్రీ కుడిచేతిని నేను రాయితో చితక్కొట్టానని అందులో ఉంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె షెడ్డు తలుపు తీసేసరికి రాయ్స్ నేలమీద కూర్చుని ఉన్నాడు. అతని చెయ్యి రక్తంలో ఉంది. రాయి నా చేతిలో ఉంది. ఆమె చూసింది అదే, చెప్పింది అదే. నేను కొట్టలేదు.

ఆ రోజు డెప్యూటీ గారు నన్ను అడిగారు. నేను ఏమీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ అడిగారు. అప్పుడూ చెప్పలేదు. ఈ రోజు నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

రాయ్స్ నాకు బావ. వయసు అరవై ఆరు. స్కూలు బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇంటి వెనక షెడ్డులో రాతి మొనలు చెక్కుతున్నాడు. పాతకాలం మనుషులు ఈటెలకు కట్టుకున్నవాటిలాంటివి. ఎవరూ నేర్పలేదు, తానే నేర్చుకున్నాడు. ఓక్లహోమా నుంచి, టెక్సాస్ నుంచి మనుషులు వచ్చి అతని పక్కన కూర్చుని చూసి వెళ్ళేవారు. నాకు చెక్కడం రాదు. పని అయిపోయాక సాయంత్రాలు అక్కడ కూర్చునేవాణ్ణి. నేను మాట్లాడను, అతను మాట్లాడతాడు, అలా కుదిరింది.

విరిగిన వస్తువు గురించి చెప్పాలి. చెప్పకపోతే చెయ్యి సంగతి అర్థం కాదు.

మా వైపు వసంతంలో గాలి లేచి ఇసుక కొట్టుకుపోయినప్పుడు బాణపు మొనలు అందరికీ దొరుకుతాయి. ప్రతి ఇంట్లోనూ ఒక చుట్టల పెట్టె నిండా ఉంటాయి. గాడి ఉన్న మొన సంగతి వేరు. పుట్టినప్పటినుంచి ఈ నేలమీద తలొంచుకుని నడుస్తున్నాను. నాకు ఒక్కటి దొరకలేదు. రాయ్స్‌కి ఒక ముక్క దొరికింది. అడుగు భాగం మాత్రమే, బొటనవేలి గోరంత. దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతాడు.

గాడి అంటే ఇది. ముందు మొనని పూర్తిగా చెక్కుతారు. అంచులు, కొన, అన్నీ అయిపోతాయి. ఇంక చాలు అనుకునేంత అయ్యాక, అడుగున మధ్యలో చిన్న బుడిపె వదిలి, దాన్ని ఇసకరాయితో రుద్ది నునుపు చేస్తారు. ఆ బుడిపె మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాలి, లేదా ఒక్క ఒత్తు ఒత్తాలి. అడుగునుంచి కొన దాకా పొడవాటి పెచ్చు లేచి, మొన నడిమధ్య కాలవలాగా గాడి పడుతుంది. తిప్పి, రెండో పక్క కూడా అలాగే. రెండు గాడులూ పడ్డాక మధ్యలో మిగిలే మందం నాలుగైదు పోస్టుకార్డులంత. ఆ ఒక్క దెబ్బకి రోజంతా చేసిన పని రెండు ముక్కలవుతుంది, చాలాసార్లు. గాడి లేకపోయినా ఈటె దిగుతుంది. మరి ఎందుకు చేశారో ఎవరికీ తెలియదు. పదివేల ఏళ్ళకి పైమాట. కొన్ని వందల ఏళ్ళు చేసి మానేశారట. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరూ చేయలేదు. ఇది మ్యూజియం చూసుకునే కాన్సువేలో బాకా గారు నాకు చెప్పారు.

మా మ్యూజియంలో ఉన్నది ఇంకా అరుదు. టాడ్లాక్ వాళ్ళ పచ్చికబయల్లో వాగు గట్టు తెగినప్పుడు బయటపడింది. విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి, ఉన్నచోట ఉన్నట్టే ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని అప్పుడు కదిపారు. నా చిటికెనవేలంత పొడుగు. ఎర్రటి చారలున్న తెల్లటి చెకుముకి రాయి. ఒక పక్క గాడి పడి ఉంది. రెండో పక్క పడలేదు. కానీ బుడిపె తయారుగా ఉంది, రుద్ది నునుపు చేసి ఉంది. కొట్టడమే మిగిలింది. అక్కడ ఆగిపోయింది. అలాంటిది ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. కాన్సువేలో గారు కూడా చూడలేదన్నారు.

చెకుముకి రాయి మీద పెచ్చు లేచినప్పుడు, నీళ్ళలో రాయి వేస్తే వచ్చేలాంటి అలలు సన్నగా పడతాయి. దీని గాడిలో కూడా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఆ అలలు దగ్గరికి జరిగి ఒంపు తిరిగాయి, చెక్కలో ముడి చుట్టూ గీతలు తిరిగినట్టు. మ్యూజియం వాళ్ళు గాడి ఉన్న వైపునే పోస్టుకార్డు మీద అచ్చు వేయించారు. చూసినవాళ్ళందరూ ఎంత అందంగా ఉందో అనేవారు. నేనూ అన్నాను.

బడి పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి దీనికి నకలు కావాలని కాన్సువేలో గారు రాయ్స్‌ని అడిగారు. ఒక గాడి పడి, రెండోది సిద్ధంగా ఉన్న మొన చేయాలి. ఆమె అసలు వస్తువుని పెట్టెలో దూది మధ్య పెట్టుకుని స్వయంగా తెచ్చి, అతను పని చేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని, మళ్ళీ స్వయంగా తీసుకెళ్ళేవారు. నేను కూడా ఉండేవాణ్ణి.

నకలు కుదరలేదు. రాయ్స్ చెయ్యి శరత్కాలం నుంచి వణుకుతోంది. డాక్టరు మందు ఇచ్చాడు. నడీన్ మాత్రం కాఫీ వల్ల అనుకునేది. "రోజుకి అన్ని కప్పులు తాగితే గాడిదకైనా వణుకుతుంది" అనేది. అతను డాక్టరు చెప్పిన పేరు ఆమెకి చెప్పలేదు. నాకు చెప్పాడు. అది నయమయ్యేది కాదు.

వణుకు వల్ల అతనికి దెబ్బ కొట్టడం పోయింది. అందుకని చలికాలంలో ఒక మీట తయారు చేసుకున్నాడు. బల్లకి బిగించిన చెక్క చట్రం, అందులో తోలు మధ్య రాయిని పెట్టి బిగిస్తారు. పైన పొడవాటి కర్ర. కర్ర కింద దుప్పికొమ్ము మొన. కొమ్ముని బుడిపె మీద ఆనించి కర్రని కిందికి ఒత్తాలి. మునుపు ఇతరులు ఇలాంటివి వాడితే, "నిమ్మకాయలు పిండుకోండ్రా" అని వెక్కిరించేవాడు. ఇప్పుడు తన దాని మీద గోనెసంచి కప్పి ఉంచేవాడు. అయినా రాళ్ళు విరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే మీట వణకదు గానీ, బుడిపెని రుద్ది నునుపు చేయాల్సింది చేత్తోనే. అక్కడ అతని చెయ్యి నిలిచేది కాదు.

ఇక శుక్రవారం సంగతి.

ఆ మధ్యాహ్నం గాలి ఎలా ఉందో ఊరందరికీ తెలుసు. ఆకాశం ఇటుక రంగులో ఉంది. షెడ్డు రేకులు మోగుతున్నాయి. కాన్సువేలో గారు పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి, స్కార్ఫ్ విప్పి ఇసుక దులుపుకున్నారు. రాయ్స్ ఆమెని చూసి, "టెక్సాస్ ఇసుక మొత్తం మీ తలమీదే వచ్చినట్టుందే" అన్నాడు. ఆమె, "సగం మీ గుమ్మంలో వదిలేశాను, ఊడ్చుకోండి" అంది.

అతను ముందే చెక్కిపెట్టుకున్న ఒక కొత్త రాయి మీద పని మొదలుపెట్టాడు. కాసేపటికి కాన్సువేలో గారికి ఫోన్ వచ్చింది. వాళ్ళ అమ్మ స్నానాలగదిలో పడిపోయింది. ఆమె లేచి పెట్టె చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ బల్లమీద పెట్టారు.

"వెర్నన్ గారూ, ఈ గాలిలో దీన్ని కారులో తిప్పాలంటే భయంగా ఉంది. గంటలో వచ్చేస్తాను. మీరు ఇక్కడే ఉంటారుగా?"

"ఉంటాను" అన్నాను.

రాయ్స్ అన్నాడు: "నేనుండనా? నా షెడ్డులో నన్ను మనిషి కింద లెక్కేయరా?"

"మీరుంటారనేగా ఆయన్ని ఉండమంటున్నాను" అంది ఆమె.

ముగ్గురం నవ్వాం. ఆమె వెళ్ళింది.

ఆమె తప్పేమీ లేదు. ఆమెని ఇప్పుడు పనికి రావద్దన్నారు. ఆమె నన్ను అడిగింది, నేను ఉంటానన్నాను. ఇది రాసుకోవాలి.

రాయ్స్ కొత్త రాయికి బుడిపె రుద్దుతున్నాడు. ఇసకరాయి పక్కకి జారింది. బుడిపె చెక్కుకుపోయింది. దాన్ని బకెట్లో వేశాడు. బకెట్ నిండా అలాంటివే ఉన్నాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టె మూత తీశాడు. చూడటానికే అనుకున్నాను. అసలు వస్తువుని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"వెర్నన్, ఈ బుడిపె చూడవోయ్. చీమ తలంత. ఎంత నునుపుగా రుద్దాడో చూడు. నావల్ల కాని పని ఇదే. ఇదొక్కటే. మిగతాదంతా మీట చేస్తుంది."

నాకు అర్థమైంది. "వద్దు బావా" అన్నాను.

"ఏమన్నాను నేను? ఏమీ అనలేదుగా."

"పెట్టెలో పెట్టెయ్."

"నీకు జమాఖర్చులు తప్ప ఏమీ పట్టదు. విను. వీడు ఇంత పని చేశాడు. రాయి తెచ్చుకున్నాడు. ఆ రాయి ఉన్నచోటు ఇక్కణ్ణుంచి నడిస్తే ఎన్ని రోజులో తెలుసా? చెక్కాడు. ఒక పక్క గాడి తీశాడు. తిప్పాడు. బుడిపె చేశాడు, రుద్దాడు. రుద్దాక ఎవడైనా ఆగుతాడా? ఎవరో పిలిచారు వాణ్ణి. అడవి ఎద్దులొచ్చాయనో, పిల్లాడు ఏడుస్తున్నాడనో. నడీన్ భోజనానికి కేకేస్తే నేను లేవనూ? అలా లేచాడు. మళ్ళీ రాలేదు పాపం. పని అలా ఉండిపోయింది."

"అది మనది కాదు."

"మనది కాదు. కాన్సువేలోదీ కాదు, ఆ టాడ్లాక్ వాళ్ళదీ కాదు. వాడిది. వాడు కావాలనుకున్నది ఈ ఒక్క ఒత్తే. వాడి బుడిపె, నా మీట. ఒక్కసారి, వెర్నన్. నకలు కాదు. అసలు గాడి. వాళ్ళు తీసినట్టే. ఇంక నేను చేయలేను, నీకు తెలుసు. వచ్చే చలికాలానికి చెంచా పట్టుకోలేను."

"వద్దు" అన్నాను, రెండోసారి.

అతను గోనెసంచి తీశాడు. తోలు పరిచాడు. రాయిని అడుగు పైకి వచ్చేలా పెట్టి చట్రం బిగించాడు. బిగిస్తున్నప్పుడు చేతులు వణికాయి. బిగించాక వణకలేదు. కొమ్ము మొనని బుడిపె మీదికి తెచ్చి ఆపి నావైపు చూశాడు.

"చెప్పు. వద్దంటే ఆపేస్తా" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. నేను మాట్లాడని మనిషినని అందరికీ తెలుసు. అందువల్ల కాదు. నాకూ చూడాలనిపించింది. ఇది నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాసుకోండి.

అతను ఒత్తాడు. తొందర పడలేదు. కొమ్ము జారలేదు, రాయి కదలలేదు, ఒరగలేదు. నేను ముప్ఫై ఏళ్ళు అతని పక్కన కూర్చుని చూశాను. బాగా ఒత్తినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది అతను ఒత్తినవాటిలో అన్నిటికంటే మంచిది. పెచ్చు అడుగున లేచి, పైకి వెళ్ళింది. సగం దాటింది. నేను శ్వాస వదిలాను. ఆ తర్వాత చప్పుడు మారింది. పెచ్చు లోపలికి దిగిపోయింది. మొన అడ్డంగా రెండయింది. కొన ముక్క తోలు మీద పడింది.

రాయ్స్ చట్రం విప్పాడు. రెండు ముక్కలూ చేతిలోకి తీసుకున్నాడు. విరిగినచోట, మందంలో, ఆవగింజంత గుంట ఉంది. దాని లోపల పలుగురాయి గింజలు మెరుస్తున్నాయి. రాయి పుట్టినప్పుడే లోపల ఏర్పడిన డొల్ల అది. బయటినుంచి కనపడేది కాదు. అతను ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి, పాత గాడి ఉన్న పక్కకి తిప్పాడు. దీపం కిందికి తెచ్చి వాలుగా పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఇలా రావోయ్" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "అలలు ఒంపు తిరిగింది ఎక్కడ?"

చూశాను. సరిగ్గా ఆ గుంట మీద.

"లోపల ఏదో ఉంది కాబట్టి అల పక్కకి తప్పుకుంది" అన్నాడు. "మొదటి గాడి అదృష్టం కొద్దీ పైనుంచి పోయింది. రెండోది పోదు. వాడు బుడిపె రుద్దాడు. రుద్ది, కొట్టబోయే ముందు, ఒక్కసారి తిప్పి చూశాడు. చూశాక కింద పెట్టేశాడు."

అతను ముక్కల్ని ఇంకా దీపం కిందే పట్టుకున్నాడు.

"వాణ్ణి ఎవరూ పిలవలేదు, వెర్నన్. వాడు చూశాడు. నేను దీన్ని నాలుగేళ్ళుగా చూస్తున్నాను. గోడమీద ఫొటో పెట్టుకున్నాను. అందంగా ఉందన్నాను."

అతను ముక్కల్ని దూది మీద పెట్టాడు. లేచిన పెచ్చు మూడు తునకలై బల్ల కింద పడింది. వాటిని ఏరాలి అనుకున్నాను. కాన్సువేలో గారు ప్రతి తునకా అడుగుతారు. మోకాళ్ళ మీద వంగి బల్ల కిందికి వెళ్ళాను. కింద పాత పెచ్చులు చాలా ఉన్నాయి, ఎర్ర చారలున్నవి వెతకాలి. ఒకటి దొరికింది. రెండోది దొరికింది. పైన బల్ల మీద దెబ్బ పడింది. కోపంతో ఏదో విసిరాడనుకున్నాను. మూడో తునక గోడవైపు ఉంది. దానికి చెయ్యి చాపాను. మళ్ళీ దెబ్బ పడింది. ఈసారి చప్పుడు చెక్కది కాదు.

నేను బయటికి వచ్చేసరికి అతను కుడిచేతిని బల్లమీద బోర్లా పెట్టి ఉన్నాడు. సుత్తిగా వాడే గుండ్రాయి ఎడమచేతిలో ఉంది. ఎడమచేత్తో అతనికి గురి లేదు. మొదటిసారి తప్పిపోయింది, బల్లమీద ఆ దెబ్బ మచ్చ ఉంది, చూడొచ్చు. రెండోసారి తప్పలేదు. మూడోసారి ఎత్తుతున్నాడు. నేను ఆ రాయి లాక్కున్నాను. అతను ఇవ్వనని పెనుగులాడలేదు. నేలమీద కూర్చున్నాడు. అరవలేదు. చెయ్యి వైపు చూస్తూ, "ఇప్పుడు వణకడం లేదు" అన్నాడు.

అప్పుడు నడీన్ తలుపు తీసింది. దెబ్బలు వినే వచ్చిందో, భోజనానికి పిలవడానికి వచ్చిందో నాకు తెలియదు.

"అన్నయ్యా! ఏం చేశావ్?"

నేను రాయి బల్లమీద పెట్టాను. రాయ్స్ చెప్తాడనుకున్నాను. అతను చెప్పలేదు. ఆమె ఇంట్లోంచి తువ్వాలు తెచ్చి చేతికి చుట్టింది. నేను సాయం పట్టబోతే, "ముట్టుకోకు" అంది. "రాయి కోసమేగా? విరగ్గొట్టాడని ఆయన చెయ్యి విరగ్గొడతావా? నీ మ్యూజియం కోసం?" అంది. ఆమె పెట్టెలో ముక్కల్ని చూసింది, తలుపు తీసినప్పుడే నా చేతిలో రాయిని చూసింది. రెండూ కలిపింది. ఎవరైనా అలాగే కలుపుతారు. ఆమె నన్ను కారు ఎక్కనివ్వలేదు. అతన్ని లబ్బాక్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

కాన్సువేలో గారు వచ్చేసరికి నేను ఒక్కణ్ణే ఉన్నాను. తునకలన్నీ కాగితం మీద వరసగా పెట్టాను. ఆమె బల్లమీది రక్తం చూసి ముందు మనుషుల గురించి అడిగింది. ఆసుపత్రికి వెళ్ళారన్నాను. తర్వాత కాగితం దగ్గరికి వచ్చింది. పెచ్చుని, బుడిపెని చూసింది. ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేకపోయింది. "ఎవరు ఒత్తారు?" అని మాత్రం అడిగింది. నేను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఒక్కో తునకనీ దూదిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం నేను లబ్బాక్ వెళ్ళాను. నడీన్ వరండాలో ఉంది. నన్ను చూసి లేచి పక్కకి వెళ్ళింది. నర్సు లోపలికి వెళ్ళనిచ్చింది. చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. మిగిలినవి వంగవని డాక్టరు చెప్పాడు. రాయ్స్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. భోజనం ట్రే వచ్చింది, వెళ్ళింది. తర్వాత అతనే మాట్లాడాడు.

"ఏమైనా చెప్పావా?"

"లేదు."

"నాకు తెలుసు. నువ్వు గోడవి. ఇలా చెప్పు. నేను కాఫీకి లోపలికెళ్ళాను. నువ్వు ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని మీట ఒత్తావు. విరిగింది. నేను పరిగెత్తుకుని వచ్చేసరికి గాలికి తలుపు కొట్టుకుని నా చెయ్యి మధ్యలో నలిగింది. ఆ ఇనప తలుపు సంగతి అందరికీ తెలుసు. నడీన్‌కి నేను చెప్తా. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంది."

"రాయి?"

"రాయి విరిగింది. నువ్వు విరిచావు. నీకేం పోయిందోయ్? నీకు ఈ పనిలో పేరుందా, పోవడానికి? వాడికి చేతకాదు, ముట్టుకున్నాడు, విరిగింది అంటారు. అంతటితో అయిపోతుంది."

నేను అతని వీపు చూస్తూ కూర్చున్నాను.

"చెయ్యి ఎలాగూ పోయింది వెర్నన్. పేరన్నా ఉండనీ. మాబ్రీ గాడు పదివేల ఏళ్ళ నాటి వస్తువుని పాడుచేశాడని ఆ ఓక్లహోమా వాళ్ళు చెప్పుకోకూడదు. నేను నిన్ను ఇంతవరకు ఏమైనా అడిగానా?"

అడగలేదు. అది నిజం. నా భార్య చనిపోయిన ఏడాది అతను రోజూ సాయంత్రం ట్రక్కు వేసుకుని మా ఇంటికి వచ్చి నన్ను ఎక్కించుకుని వెళ్ళి తన షెడ్డులో కూర్చోబెట్టేవాడు. నన్ను ఏమీ అడిగేవాడు కాదు. పనిచేసుకుంటూ ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు.

"ఆలోచిస్తాను బావా" అన్నాను.

"ఆలోచించడానికేముంది" అన్నాడు.

నిన్నంతా అతను అడిగినట్టు చెబుదామనే అనుకున్నాను. నా గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. చెయ్యి నేనే విరగ్గొట్టానని చెప్పమన్నా బహుశా చెప్పేవాణ్ణి. మ్యూజియం వాళ్ళు ఏం చేసినా పడేవాణ్ణి. గాలిమర ఎక్కి పని చేసుకుంటూ మనసులో ఆ మాటలే వరసగా పెట్టుకున్నాను: కాఫీకి వెళ్ళాడు, నేను ఒత్తాను, తలుపు కొట్టుకుంది. మధ్యాహ్నానికల్లా ఆ వరస వద్దనిపించింది. కారణం ఇది.

నేను ఒత్తానంటే, చేతకానివాడు ఒత్తాడు కాబట్టి విరిగిందంటారు. రాయ్స్ లాంటివాడు ఒత్తి ఉంటే గాడి పడేదంటారు. అది నిజం కాదు. రాయ్స్ ఒత్తాడు. ఈ రాష్ట్రంలో అంతకంటే బాగా ఒత్తగలవాడు లేడు. ఆ రోజు అతను తప్పేమీ చేయలేదు. చెయ్యి వణకలేదు. అయినా విరిగింది. అది ఎవరు కొట్టినా విరిగేదే. ఆ సంగతి ఒక్కడికి ముందే తెలిసింది. అతను అంత పనీ చేసి, బుడిపె రుద్ది, చివర్లో ఆగాడు. ఎంత తెలిస్తే అక్కడ చెయ్యి ఆగుతుందో నేను ఊహించలేను. మేమందరం అతను ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడనుకున్నాం. కాదు. కూర్చుని, చూసి, వదిలేశాడు. ఆ మనిషి గురించి తెలిసినది ఇంతే. నేను ఒత్తానని రాస్తే ఇది కూడా పోతుంది.

రాయ్స్ దీన్ని ఇలా చూడడని నాకు తెలుసు. అతను బాగా ఒత్తాడని నేను ఎన్నిచోట్ల రాయించినా, అతనికి వినపడేది విరిగిందన్న మాటే. తనకంటే ఎక్కువ తెలిసినవాడు ఒకడున్నాడని ముప్ఫై ఏళ్ళుగా అతనికి తెలుసు, అందుకే చెక్కేవాడు. అది భరించాడు. ఆ రోజు దీపం కింద కనపడింది మాత్రం భరించలేకపోయాడు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇది చెప్పడం వల్ల అతనికి వేళ్ళు రావు. రాయి అతుక్కోదు. కాన్సువేలో గారికి పని తిరిగి వస్తుందని కూడా నమ్మకం లేదు. నా చెల్లెలు ఇది నమ్మకపోవచ్చు. నమ్మితే ఇంకా కష్టం, ఆమె అతనితో కలిసి ఉండాలి. ఆ షెడ్డుకి నేను ఇక వెళ్ళలేను.

ఇదంతా అయ్యాక డెప్యూటీ గారు కలం కింద పెట్టారు.

"వెర్నన్ గారూ, మా కేసు చెయ్యి గురించి. ఆ పాతకాలం మనిషి ఆగాడా, లేచి వెళ్ళాడా అన్నది మాకు అక్కర్లేదు. మేజిస్ట్రేటు గారు నవ్వుతారు. ఆ భాగం కొట్టేయనా?"

"కావాలంటే మిగతాదంతా కొట్టేయండి" అన్నాను. "అది కొట్టేస్తే సంతకం పెట్టను."

ఆయన కలం తీసుకుని, దాన్ని ఉంచారు. సంబంధం ఉన్నవాళ్ళందరి పేర్లూ రాయాల్సిన గడి ఒకటి ఉంది. అందులో నా పేరు, రాయ్స్ మాబ్రీ, నడీన్ మాబ్రీ, కాన్సువేలో బాకా పేర్లు రాశారు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. కొట్టకుండా ఆగిన మనిషి ఉన్నాడని చెప్పాను. ఆయన నవ్వలేదు. నాలుగు పేర్ల కింద "గుర్తు తెలియని వ్యక్తి" అని రాశారు. అది సరిగ్గానే ఉందన్నాను.

నాకు చదివి వినిపించారు. నేను చూసింది, విన్నది, నేను ఆపకపోవడం ఇందులో ఉన్నాయి. కలిపింది లేదు, దాచింది లేదు. ఎవరి భయం వల్లా, ఎవరి మేలు కోరీ చెప్పలేదు.

సం/-
వెర్నన్ ప్రూయిట్

నా ఎదుట సంతకం చేశారు:
గిల్బర్ట్ ఒర్నెలస్, డెప్యూటీ షరీఫ్